అరగంట పని, 26 రోజులు

"అరగంట పని మేడం" అని ప్లంబర్ అంటే ఆ మాట అబద్ధమేం కాదు. పాత నల్లా విప్పి కొత్తది బిగించడానికి అరగంట చాలు. ఆ అరగంటకి ముందూ వెనకా ఉండే రోజుల సంగతే ఎవరూ చెప్పరు. ఇంట్లో ఏ చిన్న రిపేరు వచ్చినా మనవాళ్లు రెండు లెక్కలు వేస్తారు. సామానుకెంత, కూలికెంత. ఇంట్లో ఎవరు కూర్చోవాలి, ఎన్నాళ్లు కూర్చోవాలి అనే మూడో లెక్క మాత్రం వేయరు. ఆ కూర్చునే మనిషెవరో అందరికీ ముందే తెలుసు కాబట్టి దానికి లెక్కెందుకు అనుకుంటారు.

చిన్న రిపేరు పెద్దదవడాన్ని మనం ఆపలేం, పాత ఇళ్లలో అసలే ఆపలేం. కానీ అలా పెరిగిన రోజులన్నీ ఒక్క మనిషి నెత్తినే పడాలన్న రూలు ఎక్కడా లేదు. ఇవాళ నేను రాయాలనుకున్నది దాని గురించి. కాస్త కోపంగా అనిపిస్తే అనిపించనివ్వండి.

ముందు మా కాప్రా వైపు ఇళ్ల సంగతి చెప్తాను, లేకపోతే ఒక నల్లాకి ఇంత కథేంటని మీకు అనిపిస్తుంది. ఈసీఐఎల్ 1967లో వచ్చింది. కొన్నేళ్లకి ఎన్‌ఎఫ్‌సీ వచ్చింది. వాటిల్లో ఉద్యోగాలు చేసేవాళ్లు, సైనిక్‌పురి పక్కన మిలిటరీలో రిటైరైనవాళ్లు, సిటీకి దూరమైనా సరే సొంత ఇల్లు ఉంటుందని ఇక్కడ స్థలాలు కొనుక్కున్నారు. లోను పెట్టి ముందు రెండు గదులు, పిల్లలు పెద్దయ్యాక పైన ఇంకో రెండు, ఇలా కట్టుకుంటూ పోయారు. కాప్రా 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసేదాకా వేరే మున్సిపాలిటీ. ఇప్పుడు ఎటు చూసినా అపార్ట్‌మెంట్లే గానీ, సందుల్లోకి వెళ్తే ఆ 80ల నాటి, 90ల నాటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. మామిడి చెట్టు, తులసి కోట, మెట్ల కింద స్కూటర్. మా మామయ్యగారు 1989లో కట్టించిన ఇల్లు కూడా అలాంటిదే. తొమ్మిదంగుళాల గోడలు, టేకు గుమ్మాలు. మేకు కొడితే మేకే వంగుతుంది గానీ గోడలో దిగదు. అంత గట్టిగా కట్టినవాళ్లు నీళ్ల పైపుల్ని మాత్రం గోడ లోపల పెట్టేశారు. అప్పట్లో అది దర్జా. బయటికి పైపు కనపడితే నామోషీ.

ఆ పైపులు జీఐ పైపులు. అంటే ఇనుప పైపుకి పైన జింకు పూత. ఇందులో ఉన్న తిరకాసు నాకు ఈమధ్యే బాగా తెలిసొచ్చింది, రిపేరు చేయించుకోబోయేవాళ్లకి పనికొస్తుందని చెప్తున్నా. పైపు చివర మర కోసేటప్పుడు ఆ చోట జింకు పూత పోతుంది, పైపు మందం కూడా తగ్గుతుంది. అంటే పైపు మొత్తంలో బలహీనమైన చోటు సరిగ్గా జాయింటు దగ్గరే. దానికి మనం బిగించేది ఇత్తడి నల్లా. ఇనుమూ ఇత్తడీ నీళ్లలో పక్కపక్కన ఉంటే తుప్పు పట్టేది ఇనుమే, అదీ మామూలు కంటే తొందరగా. పైగా మావి బోరు నీళ్లు, రాతి నేల లోంచి వచ్చేవి. బకెట్ అంచున తెల్లగా గార కడుతుంది చూడండి, అదే గార పైపు లోపల కూడా ఏళ్ల తరబడి పేరుకుంటూ ఉంటుంది. బయటికి మెరిసే నల్లా ఉంటుంది, గోడలో మాత్రం రక్తనాళం మూసుకుపోయిన ముసలి గుండెకాయ లాంటి పైపు ఉంటుంది.

గత శ్రావణంలో మొదటి శుక్రవారం అయిపోయాక వచ్చిన సోమవారం, కింది బాత్రూంలో నల్లా కారుతోందని ప్లంబర్‌ని పిలిచాం. రాత్రి కింద పెట్టిన బకెట్ పొద్దునకి సగం నిండుతోంది. సంపులో పట్టి, మోటారు వేసి పైకి ఎక్కించుకున్న నీళ్లవి. అతను వచ్చి చూసి "వాషర్ పోయింది, వాషర్ మార్చేకంటే నల్లా మార్చుకోండి, అరగంట పని" అన్నాడు. పానా పెట్టి తిప్పాడు. నల్లా ఊడి వచ్చింది. దాంతోపాటు గోడలో ఉన్న ఎల్బో కూడా ముక్కలై రాలింది.

అప్పటికి పొద్దున 10:40. ఇంట్లో మేం ఇంకా స్నానాలు కూడా చేయలేదు.

ఆ ఎల్బో ఒక్కటీ మార్చి వదిలేయకూడదా అని మీరు అడగొచ్చు, మావారూ అదే అడిగారు. కొత్తది బిగించాలంటే పైపుని పట్టుకుని తిప్పాలి. ఆ తిప్పుడుకి దాని వెనక ఉన్న జాయింటు విరుగుతుంది. దాన్ని సరిచేస్తే దాని పైనది. ప్లంబర్ ఉలితో కాస్త గోడ చెక్కి, లోపలి పైపు ముక్క కోసి చేతిలో పెట్టాడు. అరంగుళం పైపులో పెన్సిల్ దూరేంత సందు మిగిలింది. ఇంక ఎవరం ఏం మాట్లాడతాం? లైను మొత్తం సీపీవీసీకి మార్చాలని తేలిపోయింది. అప్పటికి మిగతా ఇంటికి నీళ్లు రావాలి కదా, అక్కడ డమ్మీ కొట్టి, "రేపొస్తా మేడం" అని వెళ్లాడు.

గోడ చెక్కాక టైల్స్ సంగతి వచ్చింది. మావి ఆరంగుళాల తెల్ల టైల్స్. షాపులో ముక్క చూపిస్తే అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఆంటీ, ఇది మ్యూజియంలో పెట్టండి" అన్నాడు. ఇప్పుడన్నీ పెద్ద సైజులే. ఉన్న తెలుపుల్లో ఒక్క తెలుపూ మా తెలుపుతో కలవలేదు. తెలుపులో ఇన్ని రకాలున్నాయని చీరల షాపులో కూడా నాకు తెలియలేదు. దాంతో ఒక పక్క గోడ మొత్తం టైల్స్ మార్చాలి అయింది. గోడ టైల్స్ కొడుతుంటే నేల అంచు పగిలింది. నేల అంచు తీస్తే నహానీ ట్రాప్ కదిలిపోయి ఉంది, దాని చుట్టూ ఉన్న సిమెంటు ఎప్పుడో మట్టైపోయింది. అక్కడ బయటపడింది అసలు సంగతి. ఆ గోడకి అవతల మా దేవుడి గది. ఆ గోడకి నాలుగేళ్లుగా తేమ. దసరా వచ్చినప్పుడల్లా రంగు వేయించేవాళ్లం, సంక్రాంతికల్లా ఉబ్బి రాలిపోయేది. పెయింటర్లని ఎంత తిట్టుకున్నామో. పాపం వాళ్ల తప్పేం లేదు, స్నానం నీళ్లు రోజూ కొంచెం కొంచెం దేవుడి గోడలోకి వెళ్తున్నాయి.

కాబట్టి పని పెరగడం మీద నాకు ఫిర్యాదు లేదు. నల్లా విరగకపోతే ఆ తేమ ఇంకో పదేళ్లు తెలిసేది కాదు.

ఇంకో రకంగా పెరుగుతుంది పని. దానికి మనందరికీ తెలిసిన కథే ఉంది. సన్యాసి గోచీని ఎలుక కొరికితే పిల్లిని పెంచాడు, పిల్లికి పాలకోసం ఆవుని తెచ్చాడు, ఆవుని చూసుకోడానికి మనిషిని, చివరికి సంసారం. ఆ కథలో నాకు నచ్చేది ఏంటంటే సన్యాసి ఏ మెట్టు దగ్గరా తెలివితక్కువ పని చేయలేదు. ప్రతిదీ ఆ పూటకి సబబే. మన ఇళ్లలో ఆ కథ "ఎలాగూ" అనే మాటతో నడుస్తుంది. ఎలాగూ గోడ తీశాం కదా, గీజర్ లైను కూడా మార్పించేద్దాం అన్నారు మావారు. ఎలాగూ టైల్స్ మేస్త్రీ వస్తున్నాడు కదా, పై బాత్రూం కూడా కానిచ్చేయండి వదినా అని మా మరిది ఫోన్లో, పుణె నుంచి. ఎలాగూ నేల తవ్వారు కదా, నాకు కమోడ్ పెట్టించండమ్మా, మోకాళ్లు వంగడం లేదు అని అత్తయ్య.

ఈ మూడు ఎలాగూల్లో అత్తయ్యదే న్యాయమైనది. ఆవిడకి 78 ఏళ్లు, ఏడాదిగా గోడ పట్టుకుని కూర్చుంటున్నారు, నోరు తెరిచి అడగలేదు. అది పెట్టించాం, పక్కన పట్టుకోడానికి స్టీలు రాడ్డు కూడా. మిగతా రెండూ నేనే ఆపేశాను. ఆ పైన ఉన్న బాత్రూం బాగానే ఉంది. ఎలాగూ అనేవాళ్లని ఒకటే అడగండి, ఆ దుమ్ము ఎవరు ఊడుస్తారని. పుణె నుంచి మా మరిదికి నవ్వొచ్చింది.

వరలక్ష్మీ వ్రతం నాటికి మా పరిస్థితి ఇది: హాల్లో ఒక మూల సిమెంటు బస్తా, దాని మీద పాత దుప్పటి, ఇంకో మూల అమ్మవారు. పసుపు కుంకుమలకి వచ్చినవాళ్లు పైపు ముక్కలు దాటుకుంటూ వచ్చారు. నేను సిగ్గుపడే లోపే ఒక్కొక్కరూ వాళ్ల కథలు మొదలుపెట్టారు. ఒకావిడ కిచెన్ సింకు కింద పైపు దసరా ముందు మొదలై దీపావళికి అయిందట. ఇంకొకావిడ ఇంట్లో గేటు బందు ఒకటి ఊడితే, వెల్డింగ్ మనిషి వచ్చి గేటు తీసుకెళ్లి రెండు నెలలు తేలేదట. ఆ రెండు నెలలూ రాత్రిళ్లు గేటుకి బదులు బెంచీ అడ్డం పెట్టుకున్నారు. దోమల జాలీ మార్చబోతే కిటికీ చట్రం చెదలు పట్టి ఉందని తేలిన వాళ్లు ముగ్గురు. శనగలు అయిపోయేదాకా ఇవే కబుర్లు. ఆ మధ్యాహ్నం అక్కడ కూర్చున్న తొమ్మిది మందిలో చెప్పిన టైముకి రిపేరు అయిన ఇల్లు ఒక్కటీ లేదు.

దీని మీద పెద్ద చదువులే ఉన్నాయి. డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికి ఒక పేరు పెట్టారు, ప్లానింగ్ ఫాలసీ అని. పని ఎంత సాఫీగా జరగగలదో అంత సాఫీగా జరుగుతుందనుకుని మనిషి లెక్క వేస్తాడు. కానెమన్ తన థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో పుస్తకంలో అమెరికా వంటిళ్ల లెక్క ఒకటి ఇచ్చాడు. 2002లో వంటగది బాగు చేయించుకున్నవాళ్లని అడిగితే, సగటున వాళ్లు అనుకున్న ఖర్చు 18,658 డాలర్లు, అయింది 38,769 డాలర్లు. మందు కూడా ఆయనే చెప్పాడు. మన పని గురించి మనం ఊహించుకోవడం మానేసి, అలాంటి పనే చేయించుకున్నవాళ్లకి ఎంత పట్టిందో అడగమని. అంటే మా వరలక్ష్మీ వ్రతం పేరంటం అన్నమాట! ఆ తొమ్మిది మందిని సోమవారం పొద్దునే అడిగి ఉంటే "నెల పెట్టుకో" అని ఒక్క గొంతుతో చెప్పేవాళ్లు. కానీ మగవాళ్లు ప్లంబర్‌ని అడుగుతారు, లేకపోతే యూట్యూబ్‌ని.

ఆ అమెరికా లెక్క కూడా డాలర్ల లెక్కే, గమనించారా? రోజుల లెక్క కాదు.

రోజుల లెక్క నేను రాశాను. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే, పాల కింద ఇంకో గీత. వినాయక చవితికి రెండు రోజుల ముందు చివరి మనిషి వెళ్లాడు. మొదటి రోజు నుంచి అది 26వ రోజు. అందులో మనుషులు ఇంట్లోకి వచ్చి పని చేసింది 9 రోజులు. ప్లంబర్, మేస్త్రీ, టైల్స్ మనిషి, ఎలక్ట్రీషియన్, పెయింటర్ అందరి గంటలూ కలిపితే 34. మిగతా 17 రోజుల్లో ఆరు రోజులు ఆరడానికి పోయాయి. సిమెంటు ఆరాలి. వాటర్‌ప్రూఫింగ్ చేశాక నేలంతా నీళ్లు నింపి, దిగుతుందో లేదో చూడాలి. దేవుడి గది గోడ ఆరకుండా లప్పం పెడితే మళ్లీ మొదటికొస్తుంది. వీటిని తొందరపెట్టలేం, పెట్టకూడదు కూడా. ఇంకో 11 రోజులు మాత్రం "దారిలో ఉన్నా మేడం" రోజులు.

ఈ 11 రోజులకి ప్లంబర్‌ని తిట్టడం సులువు. మా ఇంట్లో అందరూ తిట్టారు కూడా. నాకు మాత్రం అతన్ని చూస్తే మరీ అంత కోపం రాలేదు. ఆరే రోజుల్లో అతనికి మా దగ్గర కూలి ఉండదు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఇంకో రెండు ఇళ్లు ఒప్పుకోవాలి. అక్కడా "అరగంట పని" అనే వెళ్తాడు, అక్కడా గోడలో ఒక తుప్పు ఎల్బో విరుగుతుంది. యాప్రాల్‌లో ఎవరింట్లోనో ఎల్బో విరిగితే కాప్రాలో నేను ఎదురుచూస్తుంటాను. అక్కడా ఒక ఆడమనిషి కొంగు నడుముకి దోపి ఊడుస్తూనే ఉంటుంది.

ఎదురుచూడటం అంటే ఊరికే కూర్చోవడం అని చాలామంది ఉద్దేశం. ఆ 11 రోజుల్లో ఒక రోజు సంగతి చెప్తాను. పది గంటలకి వస్తానన్నాడు కాబట్టి తొమ్మిదింటికల్లా వంట ముగించాలి. నీళ్లు కట్టేస్తారు కాబట్టి ముందే బకెట్లూ డ్రమ్మూ నింపాలి. బాత్రూం దారిలో ఉన్నవన్నీ తీయాలి, బీరువా మీద దుప్పటి కప్పాలి. పన్నెండింటికి రాలేదు. మందుల షాపుకి వెళ్దామంటే ఆ పది నిమిషాల్లోనే వస్తాడేమోనని భయం, వచ్చి తాళం చూసి వెళ్లిపోతే మళ్లీ రెండ్రోజులు. రెండింటికి ఫోన్. "దారిలో ఉన్నా." నాలుగింటికి మళ్లీ కప్పిన దుప్పట్లు తీయడం, నింపిన నీళ్లు వాడేయడం. సాయంత్రం ఆరున్నరకి మావారు వచ్చి చెప్పులు విడుస్తూ అడిగే ప్రశ్న: "ఏం, ఇవాళా రాలేదా?" రాలేదని నేనే ఏదో చేసినట్టు.

17వ రోజు బుధవారం మా అమ్మకి హనుమకొండలో కుడి కంటికి శుక్లం ఆపరేషన్. తేదీ నెల ముందే అనుకున్నది. మంగళవారం సాయంత్రం బస్సెక్కాలని నా బ్యాగు సర్ది ఉంది. మంగళవారం మధ్యాహ్నం ఫోనొచ్చింది, రేపు టైల్స్ మనిషి తప్పకుండా వస్తున్నాడు, ఈ వారం తప్పితే చవితి దాటాకే అని. మావారికి ఆఫీసులో ఆడిట్. అత్తయ్య పనివాళ్లతో వేగలేరు, ఆవిడ బాత్రూంకి వెళ్లాలన్నా పైకి మెట్లెక్కించాలి. పిల్లలకి పరీక్షలు. మావారు గట్టిగా ఏమీ అనలేదు, అది కూడా చెప్పాలి. మామూలు గొంతుతో, "నువ్వుంటావు కదా" అన్నారు. ప్రశ్న కూడా కాదు అది.

అమ్మని మా వదిన ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆపరేషన్ బాగా జరిగింది. సాయంత్రం ఫోన్లో అమ్మ, "పని మధ్యల ఇడిసిపెట్టి ఎట్లొస్తవ్ బిడ్డా, ఇల్లు గూడ చూసుకోవాలె గద" అంది. నల్ల కళ్లజోడు పెట్టుకుని నవ్వుతున్న ఫోటో వదిన పంపింది. టైల్స్ మనిషి ఆ బుధవారం వచ్చింది మధ్యాహ్నం మూడింటికి, పని చేసింది రెండు గంటలు.

ఈ రోజుల్ని ఏ పద్దులో రాయాలి? దేశంలో మనుషులు రోజంతా ఏం చేస్తున్నారో తెలుసుకోడానికి ప్రభుత్వం 2019లో ఒక సర్వే చేసింది, టైమ్ యూజ్ సర్వే. తెల్లవారుజామున 4 గంటల నుంచి మర్నాడు 4 దాకా, అరగంటకి ఒక గడి చొప్పున రాసుకున్నారు. జీతం లేని ఇంటి పనులు చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. 2024లో మళ్లీ చేస్తే 289, 88. ఇద్దరికీ తగ్గింది, తేడా మాత్రం అలాగే ఉంది. ఆ సర్వే మనిషి ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చి, పది నుంచి పదిన్నర దాకా ఏం చేశారమ్మా అని అడిగితే నేనేం చెప్పాలి? ప్లంబర్ కోసం చూశాను. పదిన్నర నుంచి పదకొండు? చూశాను. పదకొండు నుంచి? అలా గడులన్నీ నింపుకుంటూ పోతే దాన్ని ఇంటి పని అంటారో, విశ్రాంతి అంటారో!

కోర్టులు ఈ విషయంలో మన ఇళ్ల కంటే కాస్త ముందున్నాయి. ఢిల్లీలో ఒక దంపతులు రోడ్డు ప్రమాదంలో చనిపోతే, పిల్లలకి పరిహారం ఎంతివ్వాలన్న కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ తల్లి గృహిణి. 2021 జనవరిలో వచ్చిన తీర్పులో మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా కొంత రాశారు. ఆ 299, 97 నిమిషాల లెక్క అందులో ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఇంటి పనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షల లోపు అన్న సంగతీ ఉంది. ఇల్లాలి పనికి ఆర్థికంగా విలువ లేదనుకోవడం తప్పని, దాన్ని మార్చుకోవాలని ఆయన రాశారు. చదివి సంతోషించాను. తర్వాత అనిపించింది, మన పనికి లెక్క కట్టాలంటే మనం చచ్చిపోవాలా అని. బతికుండగా, ఒక మంగళవారం మధ్యాహ్నం, బ్యాగు సర్ది ఉండగా కట్టే లెక్క ఏదీ లేదు కదా.

అందుకని మా ఇంట్లో నేనే ఒకటి మొదలుపెట్టాను. కార్తీకంలో కిచెన్ సింకు కింద లీకు వచ్చింది. ప్లంబర్‌కి ఈసారి నా నంబరు ఇవ్వలేదు, మావారి నంబరు ఇచ్చాను. ఇంతే నేను చేసింది. పొడుగ్గా వాదించలేదు, 299 నిమిషాలు చదివి వినిపించలేదు. "దారిలో ఉన్నా సార్" అన్న ఫోన్లు ఆయనకే వెళ్లాయి. రెండు రోజులు ఇంటి నుంచి పని పెట్టుకున్నారు. మొదటి రోజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని పైగదిలో మీటింగులో కూర్చుంటే, హెల్పర్ కుర్రాడు వచ్చి వంటింటి గుమ్మంలో నన్నే అడిగాడు, "మేడం, టేప్ ఉందా, మోటారు ఆపుతారా" అని. "సార్‌ని అడుగు బాబూ, పైన ఉన్నారు" అన్నాను. నాలుగుసార్లు అలా పైకి ఎక్కి దిగాక వాడు నన్ను అడగడం మానేశాడు. మూడో రోజు మావారు డైనింగ్ టేబుల్ దగ్గర ఫోన్ పట్టుకుని, "అసలు వీళ్లు చెప్పిన టైముకి ఎందుకు రారు? మన టైముకి విలువ లేదా?" అన్నారు. పప్పులో పోపు పెడుతూ విన్నాను. పాతికేళ్ల కాపురంలో అంత తీయటి మాట ఆయన నాతో అనలేదు.

ఆ సింకు పని ఏడు రోజుల్లో అయింది. నా నంబరు ఇస్తే ఎన్ని రోజులయ్యేదో నాకు తెలియదు. బహుశా అంతే అయ్యేదేమో. కానీ అందులో నావి మూడు, ఆయనవి నాలుగు. ఆ నాలుగింట్లో ఒక రోజు నేను స్నేహితురాలితో చిలుకూరు వెళ్లొచ్చాను.

పాత ఇళ్లలో ఉన్నవాళ్లకి రెండు మూడు మాటలు, ఖర్చు లేనివి. గోడ మూసేముందు తెరిచిన గోడకి టేపు ఆనించి ఫోటో తీసి పెట్టుకోండి, నేల నుంచి ఎంత ఎత్తులో, తలుపు నుంచి ఎంత దూరంలో పైపు ఉందో కనపడేలా. మళ్లీ పదేళ్లకి ఏ మేకు కొట్టాలన్నా అదే దిక్కు. ప్రతి బాత్రూంకీ వేరే వాల్వ్ పెట్టించుకోండి. ఒక నల్లా కోసం ఇల్లంతా నీళ్లు ఆపుకుని కూర్చోవడం కంటే కష్టం లేదు. టైల్స్ కొన్నప్పుడు ఒక పెట్టె ఎక్కువ కొని అటక మీద వేయండి. మా మామయ్యగారు అటక మీద 1989 నుంచి రేడియో అట్టపెట్టె దాచారు, ఆరు తెల్ల టైల్స్ దాచి ఉంటే నేనీ వ్యాసం సగమే రాసేదాన్ని. పండగలకి ముందు మాత్రం ఏ పాత నల్లానీ ముట్టుకోనివ్వకండి. రాణిగంజ్ నుంచి ఎంత మంచి ఫిట్టింగులు తెచ్చినా, శ్రావణంలో మేస్త్రీ దొరకడు.

మా అమ్మకి ఎడమ కంటి ఆపరేషన్ సంక్రాంతి దాటాక అన్నారు డాక్టరు. పది రోజులు ఉండి వస్తానని చెప్పాను. మావారు క్యాలెండర్ చూసి, ఆఫీసులో ఆ వారానికి సెలవు ఇప్పుడే రాసేశారు. పై బాత్రూంలో నల్లా ఒకటి నిన్నటి నుంచి చుక్కలు చుక్కలుగా కారుతోంది. నేను వచ్చేదాకా ఎవరూ పానా పట్టుకోవద్దని, కింద బకెట్ పెట్టుకోమని చెప్పాను.